పెంపకం ప్రసంగం వింటే వచ్చేస్తుందా?

ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ మందిరం వరండాలో చెప్పులు వెతుక్కుంటున్నారు. అంతలో ఒక తల్లి తన ఏడేళ్ల కొడుకు వీపు మీద ఛెళ్లున ఒకటి వేసింది. వాడు చేసిందల్లా చెల్లెలి చేతిలోని బిస్కెట్ లాక్కోవడమే. వాడు ఏడ్చాడు, చెల్లెలూ ఏడ్చింది, కాసేపటికి ఆ తల్లి కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. గంట క్రితమే మనమంతా పిల్లల పెంపకం మీద చక్కటి వర్తమానం విన్నాం. ఆమె ముందు వరుసలో కూర్చుని విన్నది, వాక్యభాగాలు పుస్తకంలో రాసుకున్నది కూడా. పలకరిస్తే ఒకే మాట అన్నది. "పాస్టర్‌గారు చెప్పిందంతా నిజమేనండీ. కానీ కోపం వచ్చిన ఆ నిమిషంలో ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు."

ఆ మాట చాలారోజులు మమ్మల్ని వదల్లేదు. పిల్లల్ని భక్తిలో పెంచాలని మన సంఘాల్లో చెప్పేవారికి కొదవలేదు. ఎలాగో చేయించి చూపించేవారే లేరు. క్రిస్మస్ పాటల కోసం మన యవ్వనస్థులు నవంబరు నుంచే రాత్రిళ్లు ప్రాక్టీసు చేస్తారు. కీబోర్డు వాయించే తమ్ముడు ఒకే పల్లవిని ఇరవైసార్లు పాడిస్తాడు, గొంతు ఎక్కడ జారితే అక్కడే ఆపి సరిచేస్తాడు. పాటకే అంత సాధన కావాలని మనకు తెలుసు. పాటకన్నా ఎన్నో రెట్లు కష్టమైన పెంపకాన్ని మాత్రం ఏడాదికొక ప్రసంగంతో నేర్పేశామని నమ్ముతున్నాం.

ఇప్పుడు పెంపకాన్ని సాధన చేయించే యాప్‌లు స్మార్ట్‌ఫోన్లలోకి వచ్చాయి. ఫోన్ పేరెత్తగానే సంఘపెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారని మాకు తెలుసు. పిల్లల్ని పాడుచేస్తున్నదే ఫోను, మళ్లీ దాని దగ్గరే పెంపకం నేర్చుకోవాలా అంటారు. అడగవలసిన ప్రశ్నే, దానికి తరువాత వద్దాం. ముందుగా ఈ యాప్‌ల వెనుక ఉన్న సంగతేమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే అది నిన్న మొన్న పుట్టింది కాదు.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన బృందం ఏళ్ల తరబడి కుటుంబాల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులు, పిల్లలు ఒకరితో ఒకరు ఎలా నడుచుకుంటున్నారో దగ్గరుండి గమనించారు. ఆయన బయటపెట్టిన సంగతి మన కిరాణా కొట్టు ముందు రోజూ కనబడేదే. పిల్లవాడు చాక్లెట్ అడుగుతాడు, అమ్మ వద్దంటుంది. వాడు నేలమీద పడి ఏడుస్తాడు, నలుగురూ చూస్తున్నారని అమ్మ కొనిస్తుంది. ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే ఏడుపు ఆగుతుందని అమ్మ నేర్చుకుంది. లేదా అమ్మ గట్టిగా అరుస్తుంది, వాడు ఆ పూటకు నోరు మూస్తాడు. అరిస్తే పని జరుగుతుందని ఈసారి ఆమెకు పాఠం. రేపు ఇంకాస్త గట్టిగా అరవాలి, ఎల్లుండి చెయ్యి లేవాలి. ఎవరూ చెడ్డవారు కాకుండానే ఇల్లు ఇలా యుద్ధభూమి అవుతుంది.

ఈ ఉచ్చులోంచి బయటికి రావడానికి 1970లలో షీలా ఐబర్గ్ అనే మరో మానసిక శాస్త్రవేత్త ఒక పద్ధతి రూపొందించారు. తల్లీబిడ్డా ఒక గదిలో ఆడుకుంటుంటారు. శిక్షణ ఇచ్చేవారు అద్దం వెనుక నుంచి చూస్తూ, తల్లి చెవిలో పెట్టిన చిన్న పరికరంలో మెల్లగా మాట సాయం చేస్తారు. ఇప్పుడు బాబు బొమ్మను తిరిగి పెట్టెలో పెట్టాడు, ఆ పని పేరు చెప్పి మెచ్చుకోండి అంటారు. ఇప్పుడు అల్లరి చేస్తున్నాడు, ప్రమాదం లేదు కాబట్టి పట్టించుకోకండి అంటారు. ఇంటికి వెళ్లాక రోజుకు ఐదు నిమిషాలు అదే సాధన. ఆ ఐదు నిమిషాల్లో ఆట బిడ్డ ఇష్టం. ఆజ్ఞలు, ప్రశ్నలు, తప్పులెన్నడం ఏవీ ఉండకూడదు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఒక్క ఐదు నిమిషాలు బిడ్డను ఏమీ అడగకుండా, ఏమీ దిద్దకుండా పక్కన కూర్చుని చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. "హోంవర్కు చేశావా?" అన్న మాట నాలుక చివరకు వచ్చేస్తుంది.

అద్దాల గదులు, చెవిలో మాట చెప్పేవారు మన పల్లెలకు ఎప్పుడొస్తారు? ఆఫ్రికాలోని బీద కుటుంబాల విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఆక్స్‌ఫర్డ్, కేప్‌టౌన్ వంటి విశ్వవిద్యాలయాలు కలిసి 'పేరెంటింగ్ ఫర్ లైఫ్‌లాంగ్ హెల్త్' పేరుతో ఖర్చు తక్కువ కార్యక్రమాలు తయారుచేశాయి. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో యవ్వన ప్రాయపు పిల్లలున్న కుటుంబాల కోసం పెట్టినదాని పేరు 'సినొవుయో టీన్'. సినొవుయో అంటే వారి ఖోసా భాషలో మాకు సంతోషం ఉంది అని అర్థం. వారానికొకటి చొప్పున 14 తరగతులు. నేర్పినవారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన స్థానికులు. 40 పల్లెలు, బస్తీల్లోని 552 కుటుంబాలతో చేసిన పరిశీలన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఆ తరగతులకు వచ్చిన ఇళ్లలో పిల్లల్ని కొట్టడం, తిట్టడం తగ్గిందని అందులో తేలింది. ఆ పాఠాలనే తరువాత ఫోన్‌లోకి తెచ్చి 'పేరెంట్‌యాప్' అని పేరుపెట్టి టాంజానియాలో పరీక్షించారు. ఒకసారి ఫోన్‌లోకి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా దాన్ని తయారుచేశారు. రీచార్జి అయిపోయిన ఇంట్లో కూడా పాఠం ఆగదన్నమాట.

ఇలాంటి యాప్‌లలో చాలావాటి పద్ధతి ఒక్కటే. ఒక చిన్న పాఠం, ఈ వారం ఇంట్లో చేయవలసిన ఒక పని, సాయంత్రం ఒక గంట మోగడం, చేశారా, ఎలా జరిగింది అని మర్నాడు అడగడం. అంతే. ఆ చివరి ప్రశ్నే ముఖ్యమని మేమంటాం. మన ప్రసంగాల తరువాత ఆ ప్రశ్న అడిగేవారు లేరు.

ఇందులో లోకజ్ఞానం తప్ప వాక్యం ఎక్కడుందని అడిగేవారు ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం మరొకసారి తెరవాలి. దేవుని మాటలను పిల్లలకు నేర్పడానికి మోషే ఏ ఆలయాన్నీ, ఏ సభనూ చూపించలేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అన్నాడు (6:6,7). నాలుగూ ఇంటి వేళలే, నాలుగూ రోజూ వచ్చేవే. చేతికి సూచనగా కట్టుకోమని, ద్వారబంధాల మీద రాయమని కూడా చెప్పాడు (6:8,9). మనిషి మరచిపోతాడని దేవునికి తెలుసు. కంటికి కనబడే గుర్తు ఒకటి ఉండాలని ఆయనే ఏర్పాటు చేశాడు. సాయంత్రం ఏడింటికి ఫోన్‌లో మోగే గంటను దానితో సమానం చేయబోవడం లేదు. గుర్తుచేసే సాధనాన్ని తక్కువ చేయవద్దని మాత్రమే మనవి.

మెచ్చుకోవడం సంగతి చూడండి. మన తెలుగు ఇళ్లలో మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని భయం. ఎదుట పొగిడితే దిష్టి తగులుతుందన్న పాత నమ్మకం రక్షణ పొందిన ఇళ్లలో కూడా ఏదో మూల మిగిలే ఉంది. పిల్లవాడు తప్పు చేస్తే వాడి తాత దగ్గర నుంచి మొదలుపెట్టి వివరంగా తిడతాం. మంచి చేస్తే "ఊ, సరే" అంటాం. యాప్ నేర్పే మొదటి పాఠం దీన్ని తిరగేయడం. మంచివాడివి అని గాలిలో అనకుండా, "అన్నం తిన్న కంచం నువ్వే తీసి కడిగావు, నాకు సంతోషంగా ఉంది" అని చేసిన పని పేరుపెట్టి చెప్పాలి. యొర్దాను ఒడ్డున తండ్రియైన దేవుడు పరలోకం నుంచి తన కుమారునికి ప్రేమను, ఆనందాన్ని తెలియజేసిన సమయాన్ని గమనించారా? అప్పటికి మార్కు సువార్తలో యేసు ఒక్క రోగిని కూడా బాగుచేయలేదు, ఒక్క ప్రసంగం కూడా చేయలేదు (మార్కు 1:11). అలాంటి మాట తన తండ్రి నోట ఒక్కసారైనా వినాలని ఎదురుచూసే పిల్లలు మన సండే స్కూల్లోనే ఎంతమంది ఉన్నారో టీచర్లను అడగండి.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఈ యాప్‌లన్నీ కొట్టవద్దంటాయి. బైబిలు బెత్తం వాడమంటోంది కదా అని మన విశ్వాసులు వెంటనే సామెతలు 13:24 చూపిస్తారు. అక్కడున్న హెబ్రీ మాట 'షేవెత్'. 23వ కీర్తనలో కాపరి చేతిలో మనకు ఆదరణనిచ్చే కర్ర కూడా అదే మాట. మన అనువాదంలో కీర్తనలో అది దుడ్డుకర్ర అయింది, సామెతల్లో బెత్తమయింది. బెత్తం అనగానే మనకు పాతకాలం బడిపంతులు గుర్తొస్తాడు. దీనితో వాదన తేలిపోయిందని మేము చెప్పడం లేదు. సామెతలు 23:13లో కొట్టడం మాట సూటిగానే ఉంది, దాన్ని లేదనడం నిజాయితీ కాదు. ఆ గ్రంథంలోని శిక్షణ అంతా బిడ్డను చావు దారిలోంచి తప్పించడానికని కూడా అక్కడే, తరువాతి వచనంలోనే ఉంది. మన ఇళ్లలో పడే దెబ్బల్లో ఎన్ని అలాంటివి? ఆఫీసులో మాట పడి వచ్చిన రోజు, చీటీ డబ్బు కట్టలేని రోజు, అత్తగారితో మాటామాటా వచ్చిన రోజు పడే దెబ్బకు సొలొమోనును సాక్షిగా పిలవడం న్యాయం కాదు.

భారత ప్రభుత్వ మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో పిల్లలపై వేధింపుల గురించి ఒక నివేదిక వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి తయారుచేసింది. ముగ్గురిలో ఇద్దరు పిల్లలు శారీరకంగా దెబ్బలు తిన్నవారే. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టింది కన్న తల్లిదండ్రులే. వేధింపులు ఎక్కువగా కనబడిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రెండేళ్లకు 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. బడిపంతులు చేతిలోంచి చట్టం తీసేసిన బెత్తాన్ని మనం వాక్యం పేరుతో ఇంట్లో దాచుకున్నాం. పిల్లలకు కోపం పుట్టించవద్దని ఎఫెసీయులకు (6:4), వారి మనసు కుంగిపోతుందని కొలొస్సయులకు (3:21) పౌలు రాసిన మాటలు మాత్రం పెళ్లి ప్రసంగాల్లో పైపైన చదివి దాటేస్తాం.

కొట్టవద్దంటే గాలికి వదిలేయమని కాదు. దావీదు తన కుమారుడైన అదోనీయాను ఇలా ఎందుకు చేశావని ఏనాడూ అడిగి నొప్పించలేదని రాయబడింది (1 రాజులు 1:6). ఆ ముద్దు చివరకు సింహాసనం కోసం కుట్రగా మారింది. ఏలీ తన కొడుకులను మందలించాడు గాని వారు పెద్దవారై చేయి దాటిపోయాక (1 సమూయేలు 2:22-25). మంచి యాప్‌లు ఈ రెండో వైపు కూడా నేర్పుతాయి. వంటింట్లోంచి కేక వేయకుండా దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూసి, ఒకసారికి ఒకే పని చెప్పాలి. వినకపోతే ఏమవుతుందో ముందే చెప్పాలి, చెప్పినది చేయాలి. "నాన్న రానీ, నీ సంగతి చెబుతా" అని సాయంత్రానికి మరచిపోయే బెదిరింపులు పనికిరావు. ఒళ్లు మండిపోతున్నప్పుడు నోరు తెరవకుండా ఊపిరి తీసుకుని పది లెక్కపెట్టాలి. ఆ తల్లి అడిగిన నిమిషానికి జవాబు ఇదే. అయితే కోపం లేని వేళల్లో పదిసార్లు చేసి చూసినవారికే కోపం వచ్చినప్పుడు అది గుర్తొస్తుంది.

ఇప్పుడు ఫోన్ సంగతి. పెద్దల భయంలో నిజముంది. పాఠం చూద్దామని ఫోన్ తెరిచిన చెయ్యి రెండు నిమిషాల్లో వాట్సాప్‌లోకి, అక్కణ్నుంచి రీల్స్‌లోకి జారిపోతుంది, బిడ్డ పక్కన నిలబడి "అమ్మా, అమ్మా" అంటూనే ఉంటాడు. అందుకే పాఠం పిల్లలు పడుకున్నాక చూడాలి, సాధన చేసే ఐదు నిమిషాలు ఫోన్ బీరువా మీద ఉండాలి. మొదటి వారం ఉత్సాహంగా తెరిచి, మూడో వారానికి మరచిపోయేవారే ఎక్కువ. బైబిలు చదివే ప్రణాళికలు జనవరిలో మొదలుపెట్టి లేవీయకాండంలో ఆపేసే మనకు ఇది కొత్త కాదు. ఇలాంటివి చాలావరకు ఇంగ్లీషులోనే ఉండడం మరో ఇబ్బంది. తయారుచేసినవారెవరో తెలియనివి, బిడ్డ ఫోటోలు, వివరాలు అడిగేవి, పాఠం మధ్యలో వస్తువులు అమ్మేవి ఉచితమైనా సరే వద్దనండి.

ఎంత మంచి యాప్‌కైనా తెలియనివి కొన్ని ఉంటాయి. తాగి వచ్చే భర్త ఉన్న ఇంట్లో మెచ్చుకోలు పాఠాలు ఒక్కటే సరిపోవు. మాట రాని బిడ్డకు, ఎవరి కళ్లలోకీ చూడని బిడ్డకు ముందు డాక్టరు కావాలి. బిడ్డ ఒంటి మీద వాతలు కనబడితే అది సంఘం గుట్టుగా సర్దుకునే విషయం కాదు, 1098కి ఫోన్ చేయాల్సిన విషయం. ఇక, తప్పు చేసిన తండ్రి బిడ్డ ముందు మోకరించి "నిన్ను కొట్టడం నాదే తప్పు నాన్నా, నన్ను క్షమించు" అని ప్రార్థన చేసే ఇంటిని ఏ యాప్ కట్టగలదు?

అది సంఘం పని. ఈస్టర్న్ కేప్‌లో కుటుంబాలను మార్చింది వారం వారం కలిసి కూర్చోవడం, రాలేనివారి ఇంటికి నేర్పేవారే వెళ్లడం. మన స్త్రీల సమాజానికి ఇది తెలియని పని కాదు. ఇంగ్లీషు చదవగలిగిన ఒక చెల్లి తన ఫోన్‌లో పాఠం చదివి తెలుగులో చెబితే, ఫోన్ లేని అమ్మమ్మలు కూడా వింటారు. కూలికి వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా చూసేది వారే. మర్నాటి కూడికలో ఎవరెవరు చేశారు, ఎక్కడ తప్పారు అని అడగాలి. మే నెలలో వి.బి.ఎస్. జరిగే రోజుల్లో పిల్లలు లోపల పాటలు పాడుతుంటే తల్లులు బయట చెట్టుకింద ఊరికే కూర్చుంటారు. ఆ గంట చాలు. తండ్రుల్ని ఎలా రప్పించాలన్నది మాత్రం మాకూ ఇంకా తోచలేదు. దక్షిణాఫ్రికాలో కూడా వచ్చినవారిలో ఎక్కువమంది ఆడవారే.

మందిరం వరండాలో కన్నీళ్లు పెట్టుకున్న ఆ తల్లి కథ ఇంకా కొంత ఉంది. డిగ్రీ చదువుతున్న మేనకోడలు ఆమె ఫోన్‌లో ఒక యాప్ పెట్టి, రాత్రిపూట చదివి చెబుతోంది. నెల తరువాత కలిస్తే దాచకుండా చెప్పింది. వారానికి నాలుగు రోజులే కుదిరిందట. రెండుసార్లు మళ్లీ చెయ్యి చేసుకున్నదట. ఒకరోజు ఐదు నిమిషాలు కాగానే లేవబోతే వాడు కొంగు పట్టుకుని ఇంకాసేపు కూర్చోమన్నాడట. ఆ మాట చెబుతూ నవ్వింది. తరువాత తన భర్త ఫోన్‌లో కూడా అది పెట్టించమని అడిగింది. ఆయన ఏడాదిగా మందిరానికి రావడం లేదు. ఈ గురువారం సాయంత్రం ఆయన పని నుంచి వచ్చే వేళకు వాళ్లింటికి వెళ్తున్నాం.